కన్‌ఫెషన్ మీద పడిన జీవిత ఖైదుకు ఉచిత అప్పీలు: నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం లీగల్ ఎయిడ్ సేవ రివ్యూ

హత్య కేసులో జీవిత ఖైదు పడిన సాయంత్రమే ఇంట్లోవాళ్ల చెవిన పడే మాట ఒకటుంది: "హైకోర్టుకు పోవాలె, లక్షలు కావాలె." ఉన్న రెండెకరాల చెల్క బేరానికి పెట్టేది అప్పుడే. బేరానికి పెట్టేముందు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వేసే అప్పీలు గురించి తెలుసుకోవాలి. మనవాళ్లంతా లీగల్ ఎయిడ్ అనేది దీన్నే. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పోయే కేసులకు, అందులోనూ పోలీసుల ముందు "ఒప్పుకున్నాడు" అన్నదే ప్రధాన ఆధారంగా శిక్ష పడ్డ కేసులకు, ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

మా అభిప్రాయం ముందే చెప్తున్నాం. కళ్లారా చూసిన సాక్షి గానీ మరణ వాంగ్మూలం గానీ లేకుండా, ఒప్పుకోలు, దాని వెంట దొరికిందన్న గొడ్డలి, వీటి మీదనే తీర్పు నిలబడి ఉంటే ఈ సేవను నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇలాంటి అప్పీలు మొత్తం కాగితాల మీద నడుస్తుంది. సాక్షులు మళ్లీ రారు, ఇద్దరు జడ్జీల బెంచి కింది కోర్టు రికార్డు చదివి తేలుస్తుంది. అందుకే లాయర్ పేరుకంటే ఆయన చేతిలో ఏ కాగితాలున్నాయి, వాటిని ఎంత దగ్గరగా చదివారు అన్నదే ఫలితాన్ని మారుస్తుంది. ఒక్క షరతు: కన్‌ఫెషన్ (ఒప్పుకోలు) పంచనామా తెలుగు అసలు ప్రతి ఆ లాయర్ ముందుండాలి. ఎందుకో కింద వివరంగా ఉంది.

అర్హత దగ్గర ఏ చిక్కూ లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. భూమి ఉందనో, కొడుకు ఉద్యోగం చేస్తున్నాడనో కాదనడానికి లేదు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు అయితే జైల్లో లేకపోయినా ఆదాయం చూడరు. లాయర్ ఫీజు, కాపీల ఖర్చు, అనువాదం ఖర్చు అన్నీ సంస్థవే.

అడగడానికి మూడు దారులు. చర్లపల్లి జైల్లో ఉన్న ఖైదీ అక్కడి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లోనో, సూపరింటెండెంట్‌కో దరఖాస్తు ఇవ్వొచ్చు. అప్పీలు పిటిషన్ జైలు నుంచే పోవడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 383, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 424 వీలు కల్పిస్తాయి. ఇంట్లోవాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వొచ్చు. ఎటూ తోచనివాళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు. దరఖాస్తు ఎక్కడ ఇచ్చినా చివరికి చేరేది హైదరాబాద్‌లోని హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకే, ప్యానెల్ నుంచి లాయర్‌ను కేటాయించేది వాళ్లే. జిల్లాల్లో నిందితుల తరఫున ఉచితంగా వాదించే డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసు సెషన్స్ కోర్టు దాకానే. అక్కడ బాగా వాదించిన లాయరే హైకోర్టుకూ వస్తారనుకోవద్దు. కానీ ఆయన దగ్గరున్న ఫైలు తప్పకుండా పోవాలి. అడిగి జిరాక్స్ తీసుకోండి.

పాత కేసుల వాళ్లు ఒకటి చూసుకోవాలి. 2022 జూన్‌లో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చాయి. సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నేరమైనా, తీర్పు అంతకుముందు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో వచ్చి ఉంటే కాపీ దరఖాస్తు ఎక్కడ పెట్టాలో ముందు కనుక్కోండి. తప్పు చోట పెడితే వారాలు పోతాయి.

గడువు సంగతి. జీవిత ఖైదు మీద హైకోర్టుకు 60 రోజులు, ఉరిశిక్ష అయితే 30. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా పట్టిన కాలాన్ని ఇందులోంచి తీసేస్తారు. దరఖాస్తు పెట్టకుండా కూర్చున్న రోజులు మాత్రం తీసేయరు. కాపీ చివర వేసే ముద్రలో దరఖాస్తు తేదీ, డబ్బు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, సిద్ధమైన తేదీ ఉంటాయి. ఆ పేజీ చింపుకోవద్దు, గడువు లెక్కంతా దానిమీదే. శిక్ష పడ్డప్పుడు ముద్దాయికి తీర్పు కాపీ ఒకటి ఉచితంగా ఇస్తారు, అది జైల్లో ఆయన దగ్గరే ఉంటుంది. ములాఖత్‌కు పోయినప్పుడు అడగండి. గడువు దాటిపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేస్తారు, జైల్లో ఉన్న పేదవాడి విషయంలో కోర్టులు సాధారణంగా పట్టుబట్టవు. అయితే అలా ఆలస్యమైన ప్రతి నెలా ఆయన లోపల గడిపే నెలే.

ఇక అసలు విషయం, ఒప్పుకోలు. మన దగ్గర సెషన్స్ తీర్పుల్లో తరచూ కనిపించే కాగితం పేరు "కన్‌ఫెషన్ కమ్ సీజర్ పంచనామా". ఇన్‌స్పెక్టర్ ఇద్దరు పంచులను (పంచనామాకు సాక్షులను) పిలిపించి, వాళ్ల ముందు నిందితుడు చెప్పినట్టుగా నేరం కథంతా రాసి, చివర్లో "నా వెంట వస్తే గొడ్డలి చూపిస్తాను" అని ముగిస్తారు. చట్టం ప్రకారం ఇందులో కోర్టు చూడదగ్గది ఆ చివరి వాక్యమే. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువు చేయకూడదని పాత సాక్ష్య చట్టం సెక్షన్ 25, పోలీసు కస్టడీలో మేజిస్ట్రేటు లేకుండా చేసినది చెల్లదని సెక్షన్ 26 చెప్తాయి. ఆ మాటల వల్ల ఒక వస్తువు లేదా విషయం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకే సెక్షన్ 27 లోపలికి రానిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఈ మూడూ సెక్షన్ 23లో చేరాయి. పాత కేసుల తీర్పుల్లో పాత నంబర్లే కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

ఆ "ముక్క" ఎంత అన్నది 1946 నాటి పులుకూరి కోటయ్య కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మద్రాసు హైకోర్టు నుంచి లండన్ దాకా పోయిన కేసది. బల్లెం, కర్ర గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్నంతవరకు తీసుకోవచ్చు. మేమంతా కలిసి కొట్టి చంపాం అన్నది తీసుకోకూడదు అన్నారు. ఇన్నేళ్లయినా ప్రతి కోర్టూ దాన్నే పట్టుకుంటుంది. అప్పీలు లాయర్ చేయాల్సిన మొదటి పని, కింది కోర్టు పంచనామాలో ఎంత భాగాన్ని ఎగ్జిబిట్‌గా (నంబరు వేసిన సాక్ష్య పత్రంగా) గుర్తించిందో చూడటం. మొత్తం కన్‌ఫెషన్‌ను గుర్తించి, తీర్పులో "నిందితుడు ఇలా చంపానని ఒప్పుకున్నాడు" అని రాసి ఉంటే, అప్పీలుకు అదే మొదటి గ్రౌండు (కారణం). పేరా నంబరుతో సహా రాయాలి. "తీర్పు చట్టవిరుద్ధం" అని ఒక్క వాక్యంతో వదిలేసిన గ్రౌండ్స్ పిటిషన్ ఎవరికీ ఉపయోగపడదు.

తెలుగు కాగితం ఎందుకు కావాలో ఇప్పుడు. పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి, హైకోర్టు పని ఇంగ్లీషులో నడుస్తుంది. మధ్యలో అనువాదం. "బావిలో పడేసిన గొడ్డలి చూపిస్తాను" అని అసలులో ఉందనుకుందాం. పడేసింది ఎవరు? తెలుగు వాక్యంలో ఆ సంగతి లేదు. ఇంగ్లీషులోకి పోయేసరికి "నేను పడేసిన" అని తయారవుతుంది. గొడ్డలి ఎక్కడుందో తెలియడం వేరు, దాన్ని తానే పడేయడం వేరు. ఎవరో పడేస్తుంటే చూసినా తెలుస్తుంది, ఎవరో చెప్పినా తెలుస్తుంది. దాచినవాడెవరన్నది అప్పీలులో పెద్ద వాదన. ఆ వాదన నిలబడేదీ పోయేదీ ఒక్క "నేను" మీద. అలాగే "దాచినాం" అని బహువచనంలో ఉంటే, ఏ1 (మొదటి నిందితుడు) ఎంత చెప్పాడు, ఏ2 (రెండో నిందితుడు) ఎంత చెప్పాడు అని విడదీయాలి. ఏ1 అప్పటికే చూపించిన చోటును ఏ2 మళ్లీ "చూపించినట్టు" రాస్తే, ఏ2 వల్ల కొత్తగా బయటపడింది ఏదీ లేదు. తెలుగు బాగా చదవగల వాళ్లొకరు అసలునూ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూసి, తేడా ఉన్నచోట పెన్సిల్‌తో గీత గీసి లాయర్‌కు ఇస్తే ఎంతో మేలు. ఇంట్లో డిగ్రీ చదువుతున్న పిల్ల ఉంటే చాలు, ఆ పని చేయగలదు.

భాష విషయంలో ఇంకొకటి. నిందితుడు చెప్పిన మాటలు ఆయన మాటల్లోనే పంచనామా మొదటి భాగంలో ఉండాలని, దర్యాప్తు అధికారి కూడా బోనులో నిలబడి ఆ మాటలేమిటో చెప్పాలని, కాగితాన్ని ఎగ్జిబిట్‌గా గుర్తిస్తే సరిపోదని సుప్రీంకోర్టు 2022లో రామానంద్ కేసులో, 2024లో బాబు సాహెబగౌడ కేసులో స్పష్టంగా చెప్పింది. మన పంచనామాలు తిరగేస్తే పాలమూరు కూలీ "సదరు గొడ్డలిని పై తెలిపిన స్థలమందు" అని మాట్లాడినట్టు ఉంటుంది. ఆ మనిషి నోటి మాట కాదది, స్టేషన్ భాష. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ మాట్లాడే మనిషైతే, ఎవరు తర్జుమా చేశారు, ఆ మనిషిని సాక్షిగా పిలిచారా అన్నది కూడా రికార్డులో వెతకాలి.

తర్వాత టైములు. ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు గీతలు గీసి ఈ గంటలు రాయండి: అరెస్టు, కన్‌ఫెషన్ మొదలు, వస్తువు స్వాధీనం, రిమాండు. పొద్దున 6 గంటలకు బస్టాండులో "అనుమానాస్పదంగా తిరుగుతుండగా" పట్టుకుని, ఆరున్నరకల్లా పంచులు సిద్ధంగా ఉండి, ఎనిమిదికి ముప్పై కిలోమీటర్ల అవతల కాలువ గట్టు మీద కత్తి దొరికిందంటే ఆ గంటలు పొసగవు. పొలం దగ్గర రాశామన్న పంచనామా కంప్యూటర్ టైపులో ఉంటే అది ఎక్కడ టైపు అయింది? అంతకు రెండు రోజుల ముందు జరిగిన శవ పంచనామాలోనే ఆయుధం సంగతి ఉంటే, నిందితుడు చెప్పాక కొత్తగా బయటపడిందేమిటి? 2024 జూలై తర్వాతి కేసుల్లో సోదా, స్వాధీనం వీడియో తీయడం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 కింద తప్పనిసరి. ఆ వీడియో కోర్టుకు వచ్చిందో లేదో చూడాలి. స్టేషన్ సీసీటీవీ ఫుటేజీని 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. అప్పీలు విచారణకు వచ్చేసరికి అది చెరిగిపోతుంది కాబట్టి, కావాలనుకుంటే ట్రయల్ దశలోనే అడగాలి.

దొరికిన వస్తువు సంగతి విడిగా చూడాలి. సర్కారు తుమ్మ పొదల్లో దొరికింది, అందరూ తిరిగే చోటు కాబట్టి చెల్లదు అని వాదిస్తే సరిపోదు. బయటికి కనిపించకుండా కప్పిపెట్టి ఉంటే బహిరంగ స్థలమైనా లెక్కలోకి వస్తుందని 1999లోనే జీత్ సింగ్ కేసులో చెప్పారు. గట్టి ప్రశ్నలు వేరే ఉన్నాయి. స్వాధీనం చేసుకున్నప్పుడు సీలు వేశారా? రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు ఏ తేదీన పోయింది, అప్పటిదాకా ఎక్కడుంది? రిపోర్టులో "మనిషి రక్తం" అని మాత్రమే ఉందా, మృతుడి గ్రూపుతో కలిసిందా? పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కు ఆ ఆయుధం చూపించి, ఈ గాయాలు దీంతో అవుతాయా అని అడిగారా? ఈ ఆఖరి ప్రశ్న ట్రయల్‌లో అడగకుండా జారిపోవడం మామూలు. పంచులు అడ్డం తిరిగినంత మాత్రాన స్వాధీనం కొట్టుకుపోదని కూడా తెలిసి ఉండాలి. అధికారి సాక్ష్యం నమ్మదగ్గట్టు ఉంటే కోర్టు దాన్నే తీసుకోవచ్చు.

పోలీసులకు కాకుండా ఊళ్లో మనిషికి ఒప్పుకున్నాడనే కేసులు వేరే రకం. 2020లో వీఆర్వో పోస్టులు రద్దయ్యే దాకా "వీఆర్వో దగ్గరికి వచ్చి నేరం ఒప్పుకున్నాడు, ఆయన స్టేషన్‌కు తీసుకొచ్చి అప్పగించాడు" అనే కథ మన జిల్లాల ఛార్జిషీట్లలో తరచూ ఉండేది. ఇది సెక్షన్ 25 కిందకు రాదు, సాక్ష్యంగా చెల్లుతుంది, కానీ బలహీనమైనది. 2012 నాటి సహదేవన్ కేసులో దీన్ని ఎలా తూచాలో వివరించారు. ఆ వీఆర్వోతో ఈయనకు పరిచయం ఉందా? లేకపోతే ప్రాణం మీదికి తెచ్చుకునే మాట ఆయనకే ఎందుకు చెప్తాడు? అన్న మాటలేమిటి? విన్న మనిషి ఎన్ని రోజులకు బయటపెట్టాడు? సాక్షి వాంగ్మూలం తేదీ చూస్తే చివరి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

తోటి నిందితుడు ఒప్పుకుంటూ మన మనిషి పేరు చెప్పాడన్నదే ఆధారమైతే, అది స్వతంత్ర సాక్ష్యం కాదు. మిగతా సాక్ష్యంతోనే శిక్ష నిలబడగలిగితే, దానికి ఊతంగా మాత్రమే చూడొచ్చని 1964 నాటి హరిచరణ్ కుర్మీ కేసు. పోలీసుల ముందు చెప్పినదైతే అంతకూ పనికిరాదు.

మేజిస్ట్రేటు రాసిన ఒప్పుకోలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది చెల్లే సాక్ష్యం. సీఆర్‌పీసీ 164, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 183 ప్రకారం, చెప్పాలన్న నిర్బంధం లేదని, చెబితే తనకే వ్యతిరేకంగా వాడొచ్చని ముందే వివరించాలి, చివర ఆ మేరకు మెమోరాండం రాసి సంతకం చేయాలి. ఆలోచించుకోవడానికి మామూలుగా కనీసం 24 గంటలు ఇవ్వాలని 1957 నాటి సర్వన్ సింగ్ కేసు. ఆ 24 గంటలు పోలీసుల దగ్గరున్నాడా, సబ్ జైల్లో ఉన్నాడా? ఒప్పుకోలు చెప్పనన్నా మళ్లీ పోలీసులకు అప్పగించబోమని మేజిస్ట్రేటు చెప్పారా? ఈ ప్రశ్నలకు జవాబు మేజిస్ట్రేటు ప్రశ్నావళి కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం మొత్తం, అన్ని పేజీలు, అడగాలి.

ఒప్పుకోలు పోయినంత మాత్రాన మనిషి బయటికి రాడు. ఈ మాట నొప్పిగా ఉన్నా ఇంట్లోవాళ్లు ముందే వినాలి. మిగిలిన పరిస్థితుల గొలుసు తెగకుండా ఉంటే శిక్ష నిలుస్తుంది. 1984 నాటి శరద్ బిర్ధీచంద్ సార్డా కేసులోని అయిదు సూత్రాల మీద ఆ గొలుసును పరీక్షిస్తారు. ముఖ్యంగా భార్య నాలుగు గోడల మధ్య చనిపోయి, ఆ రాత్రి ఇంట్లో భర్త ఒక్కడే ఉన్న కేసుల్లో, ఏం జరిగిందో అతనే చెప్పాలన్న పాత సాక్ష్య చట్టం సెక్షన్ 106 అడ్డం వస్తుంది. అలాంటి ఫైలుకు కన్‌ఫెషన్ కొట్టేయించే వాదన ఒక్కటే సరిపోదు. కాల్ రికార్డులు ఉంటే 65బీ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం) ఉందా, పాత సీఆర్‌పీసీ 313 కింద కోర్టు ముద్దాయిని అడిగిన ప్రశ్నల్లో ఆ విషయం పెట్టారా అని చూడాలి. అడగని విషయాన్ని ఆయన మీద వాడటానికి సాధారణంగా వీల్లేదు.

సేవలో ఎక్కడ జారుతుందంటే, అప్పీలుతో పాటు శిక్ష నిలిపివేత పిటిషన్ వేయడం దగ్గర. అప్పీలు నంబరు పడితే పని అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, బెయిలు ఎవరూ అడగరు. సీఆర్‌పీసీ 389, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 430 కింద దాన్ని ఐ.ఏ. (అప్పీలులో భాగంగా వేసే మధ్యంతర పిటిషన్) రూపంలో వేయాలి. మొదటిసారి కొట్టేసినా, అప్పీలు తేలకుండా ఏళ్లు గడిస్తే మళ్లీ వేయొచ్చు. శిక్ష తర్వాత అయిదేళ్లు లోపల గడిపి అప్పీలు పెండింగులో ఉన్నవాళ్లకు బెయిలు ఇచ్చే విషయంలో 2016లో రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు బచ్చు రంగారావు కేసులో మార్గదర్శకాలు పెట్టింది. డబ్బు కోసం హత్య, అత్యాచారం వంటి కొన్ని రకాలకు అది వర్తించదు. అయిదేళ్లు నిండే తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, నెల ముందే లాయర్‌కు గుర్తుచేయండి. జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ కూడా అప్పుడే తెప్పించాలి.

రెండో లోపం దూరం. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైకోర్టు దాదాపు వంద కిలోమీటర్లు. ప్యానెల్ లాయర్ ఖైదీని కలవకుండానే వాదించే అవకాశం ఎక్కువ. దీన్ని కుటుంబమే పూడ్చుకోవాలి. ఒక్కసారి పోయి తీర్పు, పంచనామా, శవ పంచనామా, ల్యాబ్ రిపోర్టు, సాక్షుల డిపొజిషన్లు (కోర్టులో ఇచ్చిన సాక్ష్యాలు), టైముల కాగితం వరుసగా పెట్టిన ఫైలు చేతికిచ్చి, అప్పీలు నంబరు రాయించుకుని రండి. ఎంజీబీఎస్‌లో దిగితే ఇప్పుడున్న హైకోర్టు దగ్గరే. తర్వాత కేసు స్థితిని హైకోర్టు వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఒరిజినల్ కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు.

ఫీజు అడిగితే? ప్యానెల్ లాయర్ మీ నుంచి రూపాయి తీసుకోకూడదు, టైపింగు ఖర్చు పేరుతో కూడా. అడిగితే, లేదా లాయర్ పట్టించుకోకపోతే, కమిటీ సెక్రటరీకి ఖైదీ పేరుతో రాసిచ్చి లాయర్‌ను మార్చమనవచ్చు. వాయిదాకు లాయర్ రాలేదని శిక్ష మీద వేసిన అప్పీలును ఊరికే కొట్టేయడానికి వీల్లేదు, రికార్డు చూసి తేల్చాల్సిందేనని 1996 నాటి బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఒక వాయిదా తప్పిందని భయపడి భూమి అమ్మి మధ్యలో ప్రైవేటు లాయర్‌కు మారడం మేం సలహా ఇవ్వం. మారితే ఫైలు మళ్లీ మొదటి నుంచి చదవాలి, అందుకు మళ్లీ నెలలు పడతాయి. 106 ఉన్న కేసు, పదిమంది నిందితుల కేసు, ఉరిశిక్ష కేసు, వీటికి స్తోమత ఉంటే అనుభవమున్న సీనియర్‌ను మొదటి నుంచే పెట్టుకోవడం మంచిదే.

హైకోర్టులో కూడా ఓడితే సుప్రీంకోర్టుకు 90 రోజులు. అక్కడా ఉచిత సేవ ఉంది, సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా. హైకోర్టు తీర్పు వచ్చిన వారంలోనే ప్యానెల్ లాయర్ దగ్గరున్న పేపర్ బుక్‌నూ (కేసు కాగితాలన్నీ కలిపి కుట్టిన పుస్తకం), అనువాదాలు సరిచూసిన ఆ తెలుగు పంచనామా కాపీనీ వెనక్కి తీసుకోండి. ఢిల్లీకి పంపాల్సిన ఫైలు ఇదే, మళ్లీ నల్లగొండ కోర్టు కాపీ సెక్షన్ చుట్టూ తిరగనక్కర్లేదు.